డాలస్‌లో తెలుగు వంటింటికి కూపన్ల పద్దు: వారపు వెచ్చాల ఖర్చు తగ్గించుకునే పద్ధతి

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు వారపు వెచ్చాలు రెండు చోట్ల కొంటాయి. బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు, చింతపండు, కరివేపాకు, గోంగూర ఇండియన్ స్టోరులో కొనేవి. పాలు, బటర్, ఓట్స్, సీరియల్, బ్రెడ్, డిటర్జెంట్, డైపర్లు, పేపర్ టవళ్లు క్రోగర్, టామ్ థంబ్, వాల్‌మార్ట్, హెచ్‌ఈబీ వంటి అమెరికన్ దుకాణాల్లో కొనేవి. కూపన్లు పనికివచ్చేది ఈ రెండో భాగానికి మాత్రమే. సోనామసూరి బస్తాకు తయారీదారు కూపన్ రాదు, పచ్చిమిరపకాయలకూ రాదు. ఈ సంగతి మొదటే గుర్తుంచుకుంటే కూపన్ల మీద ఎంత సమయం వెచ్చించవచ్చో, ఎంత ఆశ పెట్టుకోవచ్చో ఒక అంచనాకు రావచ్చు. గత నెల బిల్లులు తీసి, అమెరికన్ దుకాణాల్లో పెట్టిన ఖర్చును మాత్రం వేరుగా కూడి చూడండి. మీరు తగ్గించుకోగలిగేది ఆ మొత్తంలో కొంత భాగమే.

నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో దొరికిన ప్రతి కూపన్‌నూ కత్తిరించి, ఒక పెద్ద కవరులో వేసి పెట్టేదాన్ని. దుకాణానికి వెళ్లినప్పుడు అందులో కావలసినది దొరికేది కాదు, దొరికిన వాటిలో సగానికి గడువు దాటిపోయి ఉండేది. పైగా కూపన్ ఉంది కదా అని కొన్న సలాడ్ డ్రెస్సింగ్ సీసాలు మా ఇంట్లో ఎవరూ ముట్టక మూలన పడి ఉండేవి. కూపన్లను వంటింటి అవసరాల ప్రకారం, గడువు తేదీల ప్రకారం సర్దుకోవాలన్న ఒక్క మార్పుతోనే ఆ కవరు నాకు అక్కరకు వచ్చింది. కింద చెప్పేదంతా ఆ మార్పు గురించే.

కూపన్ డబ్బు ఎవరు ఇస్తారు

కూపన్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సరుకు తయారు చేసిన కంపెనీ ఇచ్చేది. దాని మీద తయారీదారు కూపన్ (మాన్యుఫాక్చరర్ కూపన్) అని స్పష్టంగా అచ్చువేసి ఉంటుంది, ఆ సరుకు అమ్మే దుకాణాల్లో చాలావాటిలో చెల్లుతుంది. రెండవది దుకాణమే ఇచ్చేది. అది ఆ దుకాణంలో మాత్రమే చెల్లుతుంది, హెచ్‌ఈబీ అరల మీద వేలాడే పసుపు కూపన్లు ఇటువంటివే. చాలా దుకాణాల్లో ఒకే సరుకు మీద ఒక తయారీదారు కూపన్‌నూ ఒక దుకాణపు కూపన్‌నూ కలిపి వాడుకోవచ్చు. ఒకే సరుకు మీద రెండు తయారీదారు కూపన్లు మాత్రం చెల్లవు, వాటిలో ఒకటి కాగితం మీద, మరొకటి ఫోనులో ఉన్నా సరే.

కొత్తగా వచ్చిన మన వాళ్లలో కొందరికి గల్లా దగ్గర కూపన్ తీయడం నామోషీగా అనిపిస్తుంది. దుకాణదారుకు నష్టం చేస్తున్నామన్న భావం ఒకటి, వెనుక వరుసలో నిలబడ్డవాళ్లు ఏమనుకుంటారో అన్న బిడియం ఒకటి. తయారీదారు కూపన్ విషయంలో మొదటి భావానికి ఆధారం లేదు. కూపన్ మీద ఎంత రాసి ఉందో అంతా కంపెనీ దుకాణానికి తిరిగి చెల్లిస్తుంది, సాధారణంగా నిర్వహణ ఖర్చు కింద మరో 8 సెంట్లు కలిపి. ఇది అమెరికా వ్యాపారంలో నూరేళ్లు దాటిన ఏర్పాటు. 1887లో కోకా-కోలా ఒక గ్లాసు ఉచితమంటూ చీటీలు పంచింది, 1909లో సీ.డబ్ల్యూ. పోస్ట్ తన గ్రేప్‌నట్స్ సీరియల్ మీద ఒక సెంటు తగ్గింపు కూపన్ ఇచ్చాడు. 1996లో సబ్బులు, డిటర్జెంట్లు చేసే ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ న్యూయార్క్ రాష్ట్రం ఎగువ ప్రాంతంలో కూపన్లు మానేసి చూసింది. జనం గట్టిగా వ్యతిరేకించడంతో 1997లో ఆ ప్రయోగాన్ని విరమించుకుంది. కాబట్టి కూపన్ ఇవ్వడానికి సంకోచించనక్కర లేదు.

ముందు ధరల పద్దు, తరువాతే కూపన్లు

ఒక సరుకుకు మంచి ధర ఏదో తెలియని వారికి కూపన్ ఉపయోగపడదు. మా అత్తగారు గుంటూరులో ఒక పద్దు పుస్తకం పెట్టుకుని, కందిపప్పు ఏ నెలలో కిలో ఎంత పలికిందో రాసుకునేవారు. ఇక్కడ చేయవలసింది సరిగ్గా అదే. ఒక చిన్న నోటు పుస్తకంలో గానీ ఫోనులోని షీటులో గానీ మీరు తరచుగా కొనే ఇరవై సరుకులు రాసుకోండి. ఒక్కొక్కదానికి పరిమాణం, ధర, ఔన్సుకు ఎంత పడిందో, ఏ దుకాణమో, ఏ తేదీయో పక్కన నమోదు చేయండి. ఔన్సు ధర కోసం మీరు లెక్క కట్టనక్కర లేదు, అర మీది ధర చీటీ మూలన చిన్న అక్షరాల్లో తరచుగా రాసే ఉంటుంది. అయితే ఒక బ్రాండుకు ఔన్సు లెక్కన, పక్క బ్రాండుకు పౌండు లెక్కన రాసి ఉండవచ్చు. 16 ఔన్సులు ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాములు. ద్రవాలకు 128 ఔన్సులు ఒక గ్యాలను, అంటే సుమారు 3.8 లీటర్లు. డిటర్జెంట్‌కు ఔన్సు లెక్క సరిపోదు, ఎందుకంటే చిక్కగా చేసిన ద్రవం తక్కువ పోసినా చాలు. అక్కడ ఎన్ని ఉతుకులకు వస్తుందన్న అంకెతో ధరను భాగించాలి.

రెండు మూడు నెలలు ఇలా రాస్తే ప్రతి సరుకుకూ ఒక కనిష్ఠ ధర తేలుతుంది. ఆ అంకె చుట్టూ ఒక గీత గీయండి. ఇకమీదట కూపన్ ఉన్నా లేకపోయినా, ఆ అంకెకు దగ్గరగా వచ్చినప్పుడే ఎక్కువ కొనాలి. కూపన్లు మనల్ని తప్పుదారి పట్టించేది కూడా ఈ చోటే. పేరున్న బ్రాండు ఓట్స్ పెద్ద డబ్బా 5 డాలర్ల 49 సెంట్లు, అదే పరిమాణంలో దుకాణం సొంత బ్రాండు 3 డాలర్ల 29 సెంట్లు అనుకుందాం. డాలరు కూపన్ వాడినా మొదటిది 4 డాలర్ల 49 సెంట్లు పడుతుంది. ఉప్మాకో జావకో వాడే ఓట్స్‌లో ఆ తేడా నాలుకకు తెలియదు. కూపన్ లేకుండా సొంత బ్రాండు కొన్నవారికే ఇక్కడ డబ్బు మిగిలింది. ఆల్డీ, కాస్ట్‌కో వంటి దుకాణాలు తయారీదారు కూపన్లు తీసుకోవు. అయినా కొన్ని సరుకులకు వాటి ధరే మీ పద్దులో కనిష్ఠంగా నిలవవచ్చు. అటువంటప్పుడు ఆ సరుకు కూపన్ల కోసం వెతకడం పూర్తిగా మానేయండి.

ఎక్కడ దొరుకుతాయి

ఆదివారం దినపత్రిక లోపల వచ్చే రంగుల కూపన్ల పుస్తకం ఒకప్పుడు ప్రధానమైన వనరు. ఇప్పుడది పలచబడింది, పెద్ద సెలవులు కలిసి వచ్చిన వారాంతాల్లో అసలు రాకపోవడం కూడా మామూలే. సరుకు పెట్టె మీద అంటించినవి, అరల దగ్గర చింపుకొమ్మని కట్టగా వేలాడదీసినవి, బిల్లుతో పాటు గల్లా దగ్గరి యంత్రం అచ్చువేసి ఇచ్చేవి కూడా ఉంటాయి. చివర చెప్పినవాటిని చాలామంది బిల్లుతో పాటు పారేస్తారు. అలా పారేయకండి, తరువాతి కొనుగోలుపై కొన్ని డాలర్లు తగ్గించేవి వాటిలోనే వస్తాయి. ఇక ఈ రోజుల్లో ఎక్కువ కూపన్లు దుకాణాల యాప్‌లలోనే ఉంటున్నాయి, కావలసినదాన్ని నొక్కి మన ఖాతాలోకి ఎక్కించుకోవాలి. ఇబోటా వంటి యాప్‌లు ఇచ్చేది కూపన్ కాదు, పూర్తి ధర కట్టి కొన్న తరువాత బిల్లు చూపిస్తే కొంత సొమ్ము తిరిగి మీ ఖాతాలో వేస్తాయి. రెండూ తగ్గింపులే అయినా లెక్క వేరుగా రాసుకోవాలి.

సర్దడం

పదమూడు అరల అకార్డియన్ ఫైలు ఒకటి కొనండి, రద్దు చెక్కులు దాచుకునే చిన్న పరిమాణంది చాలు. చేతి సంచిలో పట్టాలి, ఎందుకంటే ఇంట్లో మరచిపోయిన కూపన్ వల్ల ప్రయోజనం లేదు. మొదటి అర ఈ వారం వాడబోయే వాటికి, రెండవ అర ఈ నెలలో గడువు ముగిసేవాటికి కేటాయించండి. మిగిలిన అరలకు మీరు దుకాణంలో నడిచే క్రమంలోనే పేర్లు పెట్టండి. నా ఫైలులో పాల సరుకులు, బ్రెడ్, సీరియల్ ఓట్స్, డబ్బా సరుకులు, పిల్లల చిరుతిళ్లు, ఫ్రీజర్ సరుకులు, సబ్బులు డిటర్జెంట్లు, కాగితపు సరుకులు, డైపర్లు, మందుల వరుస ఇలా ఉంటాయి. అక్షరక్రమంలో పెట్టుకునేవారూ ఉన్నారు గానీ, దుకాణంలో బండి తోసుకుంటూ వెతికేటప్పుడు నడక క్రమమే తేలిక. చివరి అర గల్లా దగ్గర యంత్రం ఇచ్చిన చీటీలకూ, సరుకు లేదని దుకాణం రాసిచ్చిన చీటీలకూ ఉంచండి.

ప్రతి అరలోనూ గడువు దగ్గరపడ్డ కూపన్ ముందు ఉండాలి. కత్తిరించగానే పై మూలలో గడువు తేదీని ముదురు సిరాతో పెద్దగా రాయండి. మన వాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. అమెరికాలో నెల ముందు, తేదీ తరువాత రాస్తారు. 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు. ఒక్క నెల తేడాతో మంచి కూపన్ చెల్లకుండా పోతుంది, అందుచేత మూలలో రాసుకునేటప్పుడు నెల పేరును అక్షరాల్లోనే రాయడం మంచిది. కత్తిరించేటప్పుడు బార్‌కోడ్, గడువు తేదీ, కింద ఉన్న చిన్న అక్షరాల నిబంధనలు మూడూ చెక్కుచెదరకుండా ఉండాలి.

కత్తిరించడానికి తీరిక లేనివారికి మరో పద్ధతి ఉంది. ఆదివారం వచ్చిన కూపన్ల పుస్తకాన్ని కత్తిరించకుండా, అట్ట మీద ఆ ఆదివారం తేదీ రాసి, వరుసగా ఒక పెట్టెలో నిలబెట్టండి. బుధవారం జాబితా రాసేటప్పుడు అవసరమైన కూపన్ ఏ తేదీ పుస్తకంలో ఉందో చూసి అది ఒక్కటే కత్తిరించుకోవచ్చు. శ్రమ తగ్గుతుంది, అయితే దుకాణంలో అనుకోకుండా మంచి ధర కనిపించినప్పుడు ఆ కూపన్ చేతిలో ఉండదు. నేను రెండూ కలిపి వాడతాను. తప్పనిసరిగా వాడే ఇరవై సరుకుల కూపన్లు కత్తిరించి ఫైలులో పెడతాను, మిగిలినదంతా పుస్తకంగానే పెట్టెలో ఉంటుంది. బేస్‌బాల్ కార్డులు దాచే తొమ్మిది గదుల ప్లాస్టిక్ షీట్లతో పెద్ద బైండరు తయారు చేసుకునేవారిని చూశాను. వందల కూపన్లు నడిపేవారికి అది సరైన సాధనమే గానీ, నలుగురున్న తెలుగు ఇంటికి అంత అవసరం పడదని నా అభిప్రాయం.

యాప్‌లలోని కూపన్లను కూడా ఇంతే శ్రద్ధగా సర్దాలి, కంటికి కనబడవు గనుక అవి మరింత సులువుగా జారిపోతాయి. మొదటి నియమం ఏమిటంటే, ఇంటికి ఒక్కో దుకాణంలో ఒక్క ఖాతానే ఉండాలి, భార్యాభర్తలిద్దరూ గల్లా దగ్గర అదే ఫోను నంబరు చెప్పాలి. ఒకరి ఖాతాలో కూపన్ ఎక్కించి మరొకరి నంబరుతో బిల్లు వేయించుకోవడం మన ఇళ్లలో తరచుగా జరిగే నష్టం. క్రోగర్‌లో పెట్రోలు పాయింట్లు కూడా ఒకేచోట చేరతాయి. అక్కడ సాధారణంగా డాలరుకు ఒక పాయింటు, 100 పాయింట్లకు గ్యాలనుకు 10 సెంట్లు తగ్గింపు. రెండవ నియమం ఏమిటంటే, జాబితాలో ఉన్న సరుకుల కూపన్లనే ఎక్కించుకోవాలి. ఒక్కసారే చెల్లే డిజిటల్ కూపన్ మీరు ఆ సరుకు మొదటిసారి కొన్నప్పుడే దానంతట అదే ఖర్చయిపోతుంది. మంగళవారం అత్యవసరంగా ఒక పెరుగు డబ్బా కొంటే, గురువారం సేల్ ధరకు కలుపుదామని దాచిన కూపన్ అక్కడే వాడుకైపోతుంది. అందుచేత కొనబోయే రోజున ఎక్కించుకోవడం ఉత్తమం. త్వరగా అయిపోతాయనిపించే పెద్ద మొత్తం కూపన్లకు మాత్రం ఈ నియమం సడలించండి.

వారపు క్రమం

క్రోగర్‌లో సేల్ ధరల వారం బుధవారం మొదలై మంగళవారంతో ముగుస్తుంది. మీరు వెళ్లే దుకాణంలో ఏ రోజు మొదలవుతుందో, ఆ వారపు సేల్ ధరలు ప్రకటించే కరపత్రం పైభాగాన ఉంటుంది. ఆ రోజు రాత్రి అరగంట ఈ పనికి కేటాయించండి, ఫ్రిజ్ తలుపు, సామాన్ల అర తెరచి చూడడంతో ఆ అరగంట మొదలవ్వాలి. ఉన్నదేమిటో చూసి, వారానికి వండబోయేది అనుకుని, కొనవలసినవి రాయండి. ఆ తరువాతే కరపత్రం తీయాలి. క్రమం తలకిందులైతే కరపత్రమే మన చేత జాబితా రాయిస్తుంది.

జాబితాలోని సరుకు కరపత్రంలో కనిపిస్తే, దాని ధరను పద్దులోని కనిష్ఠంతో పోల్చండి. దగ్గరగా ఉంటే ఫైలులో, యాప్‌లో కూపన్ ఉందేమో చూడండి. కాగితం కూపన్‌ను మొదటి అరలోకి మార్చి, జాబితాలో ఆ సరుకు పక్కన క అని, డిజిటల్ అయితే డి అని, డబ్బు తిరిగి ఇచ్చే యాప్ అయితే తి అని గుర్తు పెట్టండి. ఎన్ని కొనాలో, ఏ పరిమాణంలో కొనాలో కూడా పక్కనే రాయండి, ఎందుకంటే 18 ఔన్సుల పెట్టెకు ఇచ్చిన కూపన్ 12 ఔన్సుల పెట్టెకు చెల్లదు.

సేల్ ధర, కూపన్, తిరిగి వచ్చే సొమ్ము ఒకే సరుకు మీద కలిసినప్పుడు ఎలా లెక్క వేయాలో చూద్దాం. 3 డాలర్ల 49 సెంట్ల సీరియల్ పెట్టెలు అయిదు కొంటే ఒక్కొక్కదానిపై డాలరు తగ్గిస్తామని దుకాణం ప్రకటించింది అనుకుందాం. అయిదింటికి 12 డాలర్ల 45 సెంట్లు. రెండు పెట్టెలకు ఒక డాలరు తగ్గించే తయారీదారు కూపన్లు మీ దగ్గర రెండు ఉన్నాయి, కాబట్టి నాలుగు పెట్టెల మీద 2 డాలర్లు తగ్గి 10 డాలర్ల 45 సెంట్లు అవుతుంది. యాప్ నుంచి 50 సెంట్లు తిరిగి వస్తే చివరికి 9 డాలర్ల 95 సెంట్లు, అంటే పెట్టె 1 డాలరు 99 సెంట్లు. బిల్లు కింద మాత్రం మీరు 7 డాలర్లు ఆదా చేశారని అచ్చవుతుంది. అది పూర్తి ధరతో పోల్చి వేసిన లెక్క. మీ పద్దు ప్రకారం అదే పెట్టెను మీరు మామూలుగా 2 డాలర్ల 50 సెంట్లకే కొంటున్నట్లయితే, యాప్ సొమ్ము కలుపుకున్నా మీకు నిజంగా మిగిలింది 2 డాలర్ల 55 సెంట్లే. పద్దులో ఈ రెండో అంకెనే రాయండి. అయిదు పెట్టెలు గడువులోపు తింటారా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి, ఒక పెట్టె పారేస్తే ఆ మిగులులో ఎక్కువ భాగం దానితోనే పోతుంది.

గల్లా దగ్గర

కూపన్ మీద ఒక కొనుగోలుకు ఒకటి (వన్ పర్ పర్చేజ్) అని ఉంటే, ఒక్కో సరుకుకు ఒక్కో కూపన్ చొప్పున వాడవచ్చని అర్థం. ఒక లావాదేవీకి ఒకటి (వన్ పర్ ట్రాన్సాక్షన్) అని ఉంటే, మొత్తం బిల్లుకు ఒక్కటే. ఒకేరకం కూపన్లు నాలుగుకు మించి వాడరాదని మరికొన్నిటి మీద ఉంటుంది. ఇంగ్లీషులో ఈ మాటలు పక్కపక్కనే కనిపించి ఒకటే అనిపిస్తాయి గానీ, ఒకసారి ఒక దుకాణంలో ఈ తేడా తెలియకనే నేను నాలుగు కూపన్లు ఇచ్చి మూడింటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి లావాదేవీ అన్న మాట ఉన్న కూపన్ మీద ఎర్ర గీత గీసి పెట్టుకుంటున్నాను. ప్రతి గొలుసు దుకాణానికీ తన కూపన్ విధానం రాతపూర్వకంగా వెబ్‌సైటులో ఉంటుంది, దాన్ని ఒకసారి ఓపికగా చదివి ఫోనులో దాచుకోండి. మొత్తం బిల్లు ఇంత దాటితే ఇంత తగ్గిస్తామనే కూపన్లు ఉన్నప్పుడు, ఆ మొత్తాన్ని ఇతర కూపన్లకు ముందు చూస్తారా, తరువాత చూస్తారా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

సేల్‌లో పెట్టిన సరుకు అరలో అయిపోతే, వినియోగదారుల సేవా బల్ల దగ్గర రెయిన్ చెక్ అడగండి. సరుకు మళ్లీ వచ్చాక అదే సేల్ ధరకు ఇస్తామని కొన్ని దుకాణాలు చీటీ రాసిస్తాయి. కూపన్ గడువు ఈలోగా ముగియకుండా చూసుకోవాలి, అందుకే ఆ కూపన్‌ను రెయిన్ చెక్‌కు పిన్ను చేసి చివరి అరలో పెట్టమంటాను.

పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. టెక్సస్‌లో బియ్యం, పాలు, కూరగాయల వంటి ఆహార పదార్థాలకు అమ్మకపు పన్ను లేదు. సబ్బులు, కాగితపు సరుకులు, శీతల పానీయాలకు ఉంది, డాలస్ నగరంలో అది 8.25 శాతం. చాలా రాష్ట్రాల్లో దుకాణపు కూపన్ వాడితే తగ్గిన ధర మీద, తయారీదారు కూపన్ వాడితే అసలు ధర మీద పన్ను వేస్తారు, రెండో సందర్భంలో దుకాణానికి పూర్తి ధర అందుతుంది కనుక. మీ రాష్ట్రంలో ఎలా ఉందో ఒక బిల్లు ముందు పెట్టుకుని సరిచూసుకోండి.

పండుగలు, నెయ్యి, ఫ్రీజరు

కూపన్లు ఏ నెలలో దేనికి ఎక్కువగా వస్తాయన్నది అమెరికా పండుగలను బట్టి ఉంటుంది, మన అవసరాలు మన పండుగలను బట్టి ఉంటాయి. ఈ రెండు పంచాంగాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడం తెలుగు ఇంటికి అన్నిటికంటే ఎక్కువ లాభం తెచ్చే పని అని నా నమ్మకం. ఇక్కడ మన ఇళ్లలో ఎందరో ఉప్పు కలపని బటర్ కాచి నెయ్యి చేసుకుంటారు. అమెరికా నిబంధన ప్రకారం బటర్‌లో కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలి, కాబట్టి ఒక పౌండు బటర్‌కు సుమారు 350 గ్రాముల నెయ్యి వస్తుంది. ఆ లెక్కన నెయ్యి డబ్బా ధరను బటర్ ధరతో పోల్చి పద్దులో రాసుకోవచ్చు.

బటర్, పంచదార, మైదా, కండెన్స్‌డ్ మిల్క్, డ్రై ఫ్రూట్స్ ధరలు నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్‌కు ముందు వారాల్లోనూ, క్రిస్మస్ ముందూ తగ్గుతాయి, కూపన్లూ అప్పుడే ఎక్కువ. ఈస్టర్ ముందు మరోసారి తగ్గుతాయి. బటర్‌ను ఫ్రీజరులో ఆరు నుంచి తొమ్మిది నెలలు నిలవ పెట్టుకోవచ్చు. అంటే నవంబరు, డిసెంబరుల్లో కొన్నది సంక్రాంతి అరిసెలకూ ఉగాది బొబ్బట్లకూ సరిపోతుంది. ఈస్టర్ సమయంలో కొన్నది వినాయక చవితి, దసరాలను దాటిస్తుంది. దీపావళి మాత్రం తరచుగా థాంక్స్‌గివింగ్ సేల్ మొదలవకముందే వచ్చేస్తుంది, కాబట్టి సున్నుండలకూ మైసూరుపాకుకూ కావలసిన నాలుగు పౌండ్లు వేసవి అంతా ఫ్రీజరు అడుగున ఉండవలసిందే. ప్రతి పొట్లం మీదా కొన్న నెల రాసి పెట్టండి, పాతది ముందు తీయండి.

మిగిలిన కాలాల సంగతి క్లుప్తంగా చెబుతాను. జనవరిలో ఓట్స్, పెరుగు, విటమిన్లు, ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దగ్గర చిప్స్, చీజ్, వేసవి సెలవు రోజుల్లో ఐస్‌క్రీం, కెచప్, ఆగస్టులో బడికి పంపే చిరుతిళ్లు, పళ్లరసాల చిన్న డబ్బాలు చౌకగా దొరుకుతాయి. డైపర్లకు ఋతువు లేదు. వాటికి కూపన్ విలువ పెద్దది, గడువు చిన్నది కనుక ఫైలులో వాటి అరను వారం వారం చూడాలి, బిడ్డ తరువాతి సైజుకు వెళ్లే సమయాన్ని అంచనా వేసుకుని రెండు పెట్టెలకు మించి ముందుగా కొనకూడదు.

చేయకూడనివి

కూపన్‌ను జిరాక్సు తీసి వాడడం మోసం కిందికి వస్తుంది, ఇంట్లో అచ్చువేసుకునే కూపన్‌కైనా ఒక్కో ముద్రణకు ఒక్కో ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఒక సరుకు కూపన్‌ను బార్‌కోడ్ ఒప్పుకుంటోంది కదా అని మరొక సరుకుకు వాడడం కూడా తప్పే. మన వాట్సాప్ గుంపుల్లో తిరిగే చిత్రాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఏదైనా సరుకు పూర్తిగా ఉచితమనీ, ఫలానా దుకాణం 75 డాలర్ల కూపన్ ఇస్తోందనీ, లింకు నొక్కి మరో పదిమందికి పంపమనీ వచ్చేవాటిని నమ్మకండి. వీసా మీద ఉన్నవారు ఇటువంటి చిన్న విషయం వల్ల పోలీసు రికార్డులోకి ఎక్కడం ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కర లేదు. నకిలీ కూపన్ల జాబితాను కూపన్ ఇన్ఫర్మేషన్ కార్పొరేషన్ అనే సంస్థ తన వెబ్‌సైటులో ఉంచుతుంది. అనుమానం కలిగినప్పుడు దుకాణానికి వెళ్లక ముందే అక్కడ చూడండి.

నెలాఖరు ఆదివారం

నెల చివరి ఆదివారం ఫైలు మొత్తం బల్ల మీద పరచండి. వచ్చే నెలలో గడువు ముగిసేవి రెండవ అరలోకి మారతాయి, పెట్టెలోని పాత పుస్తకాల్లో గడువు దాటినవి బయటికి వస్తాయి, యాప్‌లలో వాడని కూపన్లను తొలగించవచ్చు. పద్దులో ఆ నెల నిజంగా మిగిలిన మొత్తాన్ని కూడి, ఈ పనికి వెచ్చించిన గంటలతో పోల్చండి. వరుసగా రెండు నెలలు ఒక అరలోని కూపన్ ఒక్కటి కూడా వాడకపోతే ఆ అర తీసేసి, మీరు నిజంగా కొంటున్న మరో సరుకుకు ఇవ్వండి. నా ఫైలులో సలాడ్ డ్రెస్సింగుల అర స్థానంలోకి డిటర్జెంట్ల అర వచ్చింది ఆ విధంగానే. గడువు దాటిన తయారీదారు కూపన్లను వెంటనే చించవద్దు. విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాల్లో కుటుంబాలు వెచ్చాలు కొనుక్కునే కమిసరీలు గడువు దాటిన ఆరు నెలల వరకు వాటిని తీసుకుంటాయి. వాటిని సేకరించి పంపే స్వచ్ఛంద బృందాలు ఉన్నాయి. ఆహార పదార్థాలవి ఒక కట్ట, ఇతర సరుకులవి ఒక కట్టగా విడదీసి, ఆ ఆరు నెలల్లో కనీసం నాలుగు నెలలు మిగిలి ఉన్నప్పుడే తపాలాలో వేయండి, చేరడానికి వారాలు పడుతుంది.